గెలిచే ఆట వెతకొద్దు: ఆన్‌లైన్ చదరంగానికి కొన్ని తలకిందుల సలహాలు

ఫోన్‌లో చదరంగం ఆడే పిల్లలకు అందరూ చెప్పే మాటలు దాదాపు ఒక్కటే. నీ స్థాయి వాళ్లతోనే ఆడు. రేటింగ్ పడిపోకుండా చూసుకో. ఎదుటివాడి మీద అనుమానం వస్తే బ్లాక్ చెయ్. ఓడగానే కంప్యూటర్‌లో తప్పులు చూసుకో. వినడానికి అన్నీ బాగానే ఉంటాయి. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఆట నేర్చుకునేవాళ్లు వీటిని పట్టుకుంటే ఉన్నచోటే ఉండిపోతారు.

కారణం ఒక్కటే. మనకంటే గట్టి ఆటగాడు ఎదురుగా కూర్చుంటేనే ఆట పెరుగుతుంది. పెద్ద అకాడమీలు, వారం వారం టోర్నీలు ఎక్కువగా హైదరాబాద్ చుట్టూ ఉన్నాయి. ఆసిఫాబాద్‌లోనో ఉట్నూరులోనో ఉన్న పిల్లకు అలాంటి ఆటగాడు దొరికేది ఫోన్‌లోనే. దొరికినవాణ్ని వదులుకోమని చెప్పే సలహా మనకు పనికిరాదు. అందుకే ఈ సలహాలు నలుగురూ చెప్పేవాటికి ఎదురు నడుస్తాయి.

ముందు పక్క జిల్లా ఉదాహరణ ఒకటి చూద్దాం. ఓరుగల్లు గడ్డ మీద పుట్టిన అర్జున్ ఎరిగైసి 2018లో, పదిహేనేళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2020 మార్చి నుంచి కరోనా వల్ల బోర్డు ముందు కూర్చుని ఆడే టోర్నీలు ఆగిపోయాయి. టోర్నీ లేకపోతే ప్రపంచ చదరంగ సమాఖ్య (ఫిడే) ఇచ్చే రేటింగ్ కదలదు, లోపల ఆట మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 2021 వేసవిలో ఆయన రేటింగ్ 2600 లోపే. ఆ జూన్ చివర్లో ఆన్‌లైన్‌లో జరిగిన గోల్డ్‌మనీ ఏషియన్ రాపిడ్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్, అరోనియన్ లాంటివాళ్ల మధ్య ఆడి చివరి ఎనిమిది మందిలో నిలిచారు. ఆ టోర్నీ భాగమైన ఛాంపియన్స్ చెస్ టూర్‌లో నాకౌట్ దశకు చేరిన మొదటి భారతీయుడు ఆయనే. క్వార్టర్ ఫైనల్లో అరోనియన్ చేతిలో ఓడారు. 2022 సెప్టెంబర్‌లో, అదీ ఆన్‌లైన్‌లోనే, జూలియస్ బేర్ జనరేషన్ కప్ ఫైనల్ దాకా వెళ్లి కార్ల్‌సన్ చేతిలో ఓడారు. 2024 డిసెంబర్ ఫిడే జాబితాలో ఆయన రేటింగ్ 2801. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు.

ఇందులో మనం పట్టుకోవాల్సినవి రెండు. పేరు పక్కన ఉన్న అంకె ఆట కంటే చాలా వెనక ఉండొచ్చు. ఓడించగల వాళ్ల ముందు పదేపదే కూర్చున్నవాడే పైకి వెళ్తాడు.

1. గెలుపు ఖాయమనిపించే ఆట ఆడకండి

రేటింగ్ లెక్కను తయారుచేసింది హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ప్రొఫెసర్ అర్పాద్ ఎలో. అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ఫిడే 1970లో దాన్ని తీసుకున్నాయి. ఆ లెక్క ప్రకారం ఎదుటివాళ్లు మీకంటే 100 పాయింట్లు ఎక్కువైతే మీకు 100 ఆటల్లో సుమారు 36 పాయింట్లు రావాలి. 200 ఎక్కువైతే 24. 400 ఎక్కువైతే 9.

ఇప్పుడు నష్టం లెక్క చూడండి. ఫిడే లెక్కలో 20 గుణకం (ఒక్క ఆటకు మారగల గరిష్ఠ పాయింట్లు) ఉన్న ఆటగాడు తనకంటే 200 ఎక్కువున్నవాడి చేతిలో ఓడితే పోయేది 5 పాయింట్ల లోపే. గెలిస్తే వచ్చేది 15కు పైన. అంటే ఓటమి ధర ముందే తగ్గించి పెట్టారు. రేటింగ్ పడిపోతుందని గట్టివాళ్లకు దూరంగా ఉండేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకుంటే ఆ భయం సగం పోతుంది.

లైచెస్ అనే చదరంగం సైట్‌లో జత వెతికేటప్పుడు రేటింగ్ హద్దులు పెట్టుకోవచ్చు. కింది హద్దు మీ అంకె దగ్గరే ఉంచండి. పై హద్దు 200 దాకా పెంచండి. మరీ 400, 500 పైకి వెళ్లొద్దు. అక్కడ దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా తెలియదు, తెలియని దెబ్బ నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. ఓడాక కాసేపు కూర్చుంటే కారణం దొరికేంత దూరంలో ఉన్న ప్రత్యర్థి కావాలి.

2. ఎదుటివాళ్ల రేటింగ్ చూడకండి

బలవంతుణ్ని వెతుక్కోమని చెప్పి, అంకె చూడొద్దంటే విడ్డూరంగా ఉంటుంది. జత కుదిరేదాకే అంకెతో పని. ఆట మొదలయ్యాక అది మీ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతుంది. 1900 కనబడితే బంటు ముందుకు తోయడానికి భయం. 1200 కనబడితే ఆలోచించకుండా ఎత్తు. లైచెస్ సెట్టింగుల్లో రేటింగులు కనబడకుండా దాచే వీలుంది. దాచేయండి.

పైగా ఆ అంకె చాలాసార్లు నిజం చెప్పదు. లైచెస్‌లో కొత్త ఖాతా 1500 దగ్గర మొదలవుతుంది. అంకె పక్కన ప్రశ్నార్థకం ఉందంటే లెక్క ఇంకా కుదరలేదని అర్థం. ఒక సైట్‌లో 1500, ఇంకో సైట్‌లో 1500, ఫిడే 1500 మూడూ వేర్వేరు కొలతలు. పదేళ్ల కింద కాలేజీలో బాగా ఆడి మళ్లీ ఇప్పుడు మొదలుపెట్టిన మనిషి 1300తో వస్తాడు. రోజూ సాధన చేసే పదేళ్ల పిల్ల నిన్నటి అంకెతోనే కూర్చుంటుంది, చేతిలో మాత్రం ఇవాళ్టి ఆట ఉంటుంది.

అంకెలు దారి తప్పుతాయని ఫిడే కూడా ఒప్పుకుంది. 2024 మార్చి 1న 2000 లోపు రేటింగ్ ఉన్న అందరికీ ఒక్కసారిగా పాయింట్లు కలిపింది. 2000కు ఎంత తక్కువుంటే అందులో 40 శాతం. 1500 ఉన్నవాళ్లు 1700కు, 1000 ఉన్నవాళ్లు 1400కు వచ్చారు. కింది హద్దును కూడా 1000 నుంచి 1400కు పెంచింది. ఒక్క రాత్రిలో వాళ్ల ఆట మారలేదు, అంకె మాత్రమే మారింది.

3. తప్పుడు రేటింగ్‌తో వచ్చినవాళ్లను బ్లాక్ చేయకండి

1100 అని చూసి కూర్చుంటే ఎదుటివాళ్లు 1700 ఆట ఆడారు. మనకు కోపం వస్తుంది, మోసం జరిగిందనిపిస్తుంది. ఆ కోపంలో బ్లాక్ నొక్కితే పోయేది మన పాఠమే. మీ అంకెకు మామూలుగా దొరకని ఆట మీ ముందుకు వచ్చింది. "మళ్లీ ఆడదామా" అని అడగండి. ఒప్పుకుంటే రంగు మార్చి ఇంకో ఆట ఆడండి. మీరు తెల్లతో ఏ ఓపెనింగ్‌లో దెబ్బతిన్నారో, నల్లతో అదే ఓపెనింగ్‌లోకి వాళ్లను రానివ్వండి. మీకు తగిలిన ఎత్తుకు వాళ్లే ఎలా జవాబిస్తారో చూస్తారు. డబ్బు పెట్టినా దొరకని కోచింగ్ అది.

ఇంజిన్, అంటే చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్, చూసి ఆడేవాళ్ల సంగతి వేరు. సులువైన ఎత్తుకూ కష్టమైన ఎత్తుకూ ఒకే సమయం తీసుకుంటూ తప్పన్నదే లేకుండా ఆడితే రిపోర్ట్ నొక్కండి, అక్కడితో వదిలేయండి. చాట్‌లో తిట్టొద్దు, నిందించొద్దు. మోసమని తేలితే పెద్ద సైట్లు మీరు పోగొట్టుకున్న పాయింట్లు వెనక్కి ఇస్తాయి. కానీ ఓడించిన ప్రతివాడూ మోసగాడే అనుకునే అలవాటు పట్టిందంటే నేర్చుకోవడం అక్కడే ఆగిపోతుంది. తప్పు మన ఎత్తులో వెతకడం మానేస్తాం.

4. ఓడగానే కంప్యూటర్‌ని అడగకండి

ఆట ముగిసిన క్షణంలో విశ్లేషణ బటన్ కనబడుతుంది. నొక్కితే స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఎర్ర గుర్తులు పెట్టి తప్పులన్నీ చూపిస్తుంది. మీరు చూస్తారు, తలూపుతారు, మూసేస్తారు. రేపు అదే తప్పు మళ్లీ చేస్తారు.

ఒక ఆట దగ్గరగా చూద్దాం. తెల్ల రాజు బంటు ఇ4, మీ బంటు ఇ5. ఇద్దరి గుర్రాలూ బయటికి వచ్చాయి. మూడో ఎత్తులో తెల్ల ఒంటె సి4కు వచ్చి మీ రాజు పక్కనున్న ఎఫ్7 గడి వైపు చూస్తోంది. మీరు రెండో గుర్రం ఎఫ్6కు తెచ్చారు. నాలుగో ఎత్తులో తెల్ల గుర్రం జి5కు దూకింది, అదీ ఎఫ్7 మీదికే. మీరు బంటును డి5కు తోసి ఒంటెకు అడ్డం పెట్టారు. తెల్ల బంటు దాన్ని తిన్నది. మీరు గుర్రంతో ఆ బంటును తిన్నారు. బంటుకు బంటు, లెక్క సరిపోయింది. వెంటనే తెల్ల గుర్రం ఎఫ్7 గడిలో పడింది. రాజు దాన్ని తినక తప్పలేదు. తెల్ల మంత్రి ఎఫ్3 నుంచి చెక్ చెప్పింది. డి5లో ఉన్న గుర్రాన్ని కాపాడటానికి మీ రాజు ఇ6కు, బోర్డు నడిమధ్యకు నడిచాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పక్కరలేదు.

కంప్యూటర్‌ని అడిగితే ఐదో ఎత్తులో బంటును తినొద్దు, సి6 గుర్రాన్ని ఎ5కు పంపమని ఒక్క ముక్కలో చెబుతుంది. బోర్డు అంచుకు గుర్రమా అనుకుని మీరు మర్చిపోతారు. అదే ఆటను కంప్యూటర్ లేకుండా పదిహేను నిమిషాలు వెనక్కి తిప్పి చూడండి. ఎఫ్7 మీద రెండు కాయలు కన్నేశాయి, కాపు రాజు ఒక్కడే. దాడికి మూలం సి4 ఒంటె. ఎ5 గుర్రం సరిగ్గా ఆ ఒంటె మీదికే వెళ్తుంది. కారణం మీరే కనుక్కుంటే ఎత్తు జన్మలో మర్చిపోరు.

దీనికో నోట్‌బుక్ పెట్టండి. ప్రతి ఓటమికి మూడు వాక్యాలు రాయండి: ఎదుటివాళ్ల ఏ ఎత్తు నేను ఊహించలేదు, ఎక్కడ ఆలోచించకుండా ఆడాను, ఎక్కడినుంచి ఆట పోయిందనుకుంటున్నాను. రాశాక అప్పుడు కంప్యూటర్ తెరవండి. మీరు రాసిన చోటు, అది చూపిన చోటు ఒకటేనా చూడండి. ఆ రెండింటి మధ్య దూరం తగ్గుతూ రావడమే ఎదుగుదల. అది రేటింగ్‌లో కనబడటానికి ఇంకా సమయం పడుతుంది.

5. ఓటమి ఖాయమైనా లేచిపోకండి

ఒక బంటు తక్కువైతే చాలు, ఆట వదిలేసి కొత్తది మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. గట్టి ఆటగాడు నిజంగా నేర్పేది అక్కడినుంచే. ఒక బంటు ఎక్కువ ఉన్నప్పుడు దాన్ని గెలుపుగా ఎలా మారుస్తారో మీకు చూపించేది వాళ్లే. కాయలన్నీ మార్చేసుకుంటారు. చివరికి మిగిలేది ఇది: తెల్ల రాజు ఇ5, తెల్ల బంటు ఇ4, మీ నల్ల రాజు ఇ7.

రాజులు ఎదురెదురుగా నిలబడ్డారు, మధ్య ఒకే ఒక్క గడి. ఇప్పుడు ఎత్తు తెల్లదైతే ఆట డ్రా. తెల్ల రాజు ఎటు జరిగితే మీరూ అటే జరిగి దారి మూసేస్తారు. ఎత్తు మీదైతే మీరు ఓడినట్టే. మీ రాజు పక్కకు తప్పుకోవాలి, తెల్ల రాజు ఆ సందులోంచి ముందుకు వస్తాడు, వెనకాలే బంటు వస్తుంది. బోర్డు మీద మూడే కాయలు, అయినా ఎవరి వంతు అన్నదే ఫలితం తేలుస్తుంది. ఈ ఆట చివరిదాకా ఆడి ఒకసారి ఓడినవాళ్లు తర్వాతి ఆటలో ఇరవై ఎత్తుల ముందునుంచే వంతు లెక్కపెట్టడం మొదలుపెడతారు. మధ్యలో లేచినవాళ్లకు ఈ పాఠం ఎప్పటికీ రాదు.

మంత్రి ఊరికే పోయి, ఎదురుగా ఏ ఆశా లేనప్పుడు విరమించడంలో తప్పులేదు. బంటు తేడాలో మాత్రం కూర్చోండి.

6. ఎక్కువ ఆటలు ఆడకండి, రోజుకో ఎత్తు చాలు

మూడు నిమిషాల ఆటలు రోజుకు ముప్పై ఆడితే వేళ్లకు వేగం వస్తుంది, ఆటకు రాదు. గట్టివాళ్లతో ఆడేటప్పుడు కనీసం 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు కలిసేలా పెట్టుకోండి.

మన వైపు రోజుకో ఎత్తు ఆడటానికి ఇంకో కారణం ఉంది. ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ పోతే గెలిచే ఆట కూడా పోతుంది. గోదావరిఖని, శ్రీరాంపూర్, బెల్లంపల్లి క్వార్టర్లలో రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్లకు నిద్రే ముందు. సిరిసిల్లలో సాంచల మీద నిలబడే మనిషికి అరగంట ఏకాగ్రతతో కూర్చునే వీలుండదు. వీళ్లందరికీ సరిపోయే పద్ధతి కరస్పాండెన్స్ ఆట. లైచెస్‌లో ఒక్కో ఎత్తుకు ఒక రోజు నుంచి 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. పొద్దున సిగ్నల్ ఉన్నప్పుడు ఎత్తు చూడండి, పగలంతా మనసులో తిప్పుకోండి, సాయంత్రం జవాబివ్వండి. ఇందులో ఓపెనింగ్ పుస్తకాలు చూడటం నియమాలకు లోబడే ఉంటుంది, ఇంజిన్ మాత్రం చూడకూడదు.

జగిత్యాల, నిర్మల్ నుంచి గల్ఫ్ వెళ్లిన అన్నలూ బాబాయిలూ ఉన్న ఇళ్లలో ఇది ఇంకో మేలు చేస్తుంది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఇద్దరి తీరిక కలవదు. రోజుకో ఎత్తుకు ఆ బాధ లేదు. ఇంట్లో బాగా ఆడేవాడు అక్కడుంటే, ఇక్కడి పిల్లకు మొదటి గట్టి ప్రత్యర్థి ఆయనే కావచ్చు.

7. చదరంగం కొన్నాళ్లు పక్కనపెట్టి గో ఆడండి

చదరంగం బాగా రావాలంటే వేరే ఆట ఆడమనడం వింతగా ఉన్నా, ఓడటం నేర్పడంలో గోకు సాటి లేదు. చైనాలో పుట్టి జపాన్, కొరియాల్లో పెరిగిన ఆట ఇది. 19 అడ్డగీతలు, 19 నిలువుగీతలు, 361 కూడళ్లు. నల్లరాళ్లు, తెల్లరాళ్లు ఒక్కొక్కటిగా కూడళ్ల మీద పెడుతూ చోటు చుట్టుకోవాలి. మన పులిమేకలో 15 మేకలు కలిసి 3 పులులను కదలకుండా కట్టేసినట్టే, ఇక్కడ నాలుగు వైపులా దారి మూసుకుపోయిన రాయి బోర్డు మీంచి లేచిపోతుంది. తేడా ఏమిటంటే గోలో దూకి తినడం లేదు, చుట్టుముట్టడమే.

గోలో తక్కువ ఆటగాడు నల్లరాళ్లు తీసుకుని, ఆట మొదలుకాకముందే 2 నుంచి 9 రాళ్ల దాకా పెట్టుకుంటాడు. ర్యాంకు తేడా ఎంతో రాళ్లు అన్ని. అందువల్ల గురువూ శిష్యుడూ కూర్చున్నా నిజమైన పోటీ జరుగుతుంది. ఆరు రాళ్లతో ఓడినవాళ్లు ఐదు రాళ్లకు రావాలని చూస్తారు. తమ ఎదుగుదలను రాళ్లలో లెక్కపెట్టుకుంటారు. మొదటి 100 ఆటలు ఎంత త్వరగా ఓడితే అంత మంచిదని ఆ ఆటగాళ్ల మధ్య నానుడి. ఆన్‌లైన్ గో సర్వర్‌లో ఖర్చు లేకుండా ఆడొచ్చు. 9 గీతల చిన్న బోర్డుతో మొదలుపెట్టండి.

పేరూ ర్యాంకూ తెలియని ప్రత్యర్థి నుంచి ఎంత నేర్చుకోవచ్చో కూడా గోలోనే తేలింది. 2016 డిసెంబర్ చివర్లో మాస్టర్ అనే పేరుతో ఒక ఖాతా ఆసియా సర్వర్లలో ప్రత్యక్షమైంది. చైనా, కొరియా, జపాన్ అగ్రశ్రేణి ఆటగాళ్లతో ఆడి 60 ఆటలు గెలిచింది. 2017 జనవరి 4న డీప్‌మైండ్ సంస్థ అది తమ గో ప్రోగ్రామ్ ఆల్ఫాగో కొత్త రూపమని చెప్పింది. ఓడినవాళ్లు ఆ ఆటలు దగ్గరపెట్టుకుని చదివారు. ఆట మొదట్లోనే మూలలో 3-3 కూడలిలోకి చొరబడటం అప్పటిదాకా గురువులు వద్దని చెప్పిన ఎత్తు. ఆ తర్వాత ప్రొఫెషనల్ ఆటల్లో అది మామూలైపోయింది.

అంతకుముందు 2015 అక్టోబర్‌లో యూరప్ ఛాంపియన్ ఫాన్ హుయి ఆల్ఫాగో చేతిలో 5-0తో ఓడాడు. ఓడాక దూరం జరగలేదు. ఆ బృందంలోనే సలహాదారుగా చేరి దానితో మళ్లీ మళ్లీ ఆడాడు, దాని లోపాలు వెతికాడు, ఆ క్రమంలో తన ఆటా పెంచుకున్నాడు. 2016 మార్చిలో సియోల్‌లో కొరియా అగ్రశ్రేణి ఆటగాడు లీ సెడోల్ ఆల్ఫాగోతో తలపడినప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒకడిగా కూర్చున్నాడు.

8. "గెలిచినవా?" అని అడగకండి

ఈ ఆఖరి సలహా అమ్మానాన్నలకు, పీఈటీ సార్లకు, హాస్టల్ వార్డెన్లకు. పిల్ల ఫోన్ పక్కన పెట్టగానే "గెలిచినవా? ఎన్ని పాయింట్లు పోయినయ్?" అని అడిగితే, రేపటినుంచి ఆమె తనకంటే తక్కువవాళ్లను వెతుక్కుని ఆడుతుంది. మీకు మంచి జవాబు చెప్పడానికే ఆ పని చేస్తుంది. "ఏ ఎత్తు దగ్గర తప్పింది బిడ్డా? చూపియ్" అని అడగండి. మీకు చదరంగం రాకపోయినా ఫరవాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె ఆ ఆటను మళ్లీ మొదటినుంచీ ఆలోచిస్తుంది. అదే సాధన.

టోర్నీలు పెట్టేవాళ్లను ఒక్కటి అడుగుతున్నాను. కరీంనగర్‌లో పెట్టినా, మంచిర్యాలలో పెట్టినా, బాసర ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లో పెట్టినా, ఆట హాలు పక్కన నాలుగు బోర్డులతో ఒక బల్ల వేయండి. ఆట అయిపోయిన ఇద్దరూ అక్కడ కూర్చుని తమ ఆట మళ్లీ పేర్చి చూసుకోవాలి. ఓడినవాళ్లు అడగాలి, గెలిచినవాళ్లు చెప్పాలి. బహుమతులతో పాటు ఈ బల్లకు కూడా అరగంట కేటాయించండి. ఇంటికి వెళ్లే ప్రతి పిల్లా, కప్పు వచ్చినా రాకపోయినా, తను ఓడిన ఎత్తు ఏదో తెలుసుకుని వెళ్లాలి. ఆ టోర్నీ నుంచి మనకు కావలసింది అదే.